మళ్ళీ గురువారం

కూతురు జూడీ ఫేలయిందన్న సంగతి డోర్కాస్‌కి స్టోర్స్ కిటికీ దగ్గర తెలిసింది.

షెడ్డులో పనిచేసే సురేశ్ వెల్డింగ్ గ్లవ్స్ తీసుకోవడానికి వచ్చాడు. రిజిస్టర్లో సంతకం పెడుతూ, కేంటీన్లో ఇవాళ పప్పు పలచగా ఉందన్నంత మామూలుగా చెప్పాడు.

"ఆంటీ, జూడీ ట్రయల్ అయిపోయింది. ఫేల్."

"ఏటీ?"

"బకెట్టు ఒలికిపోయింది. సగం నీళ్ళు నేల మీదే." అతను నవ్వాడు. "షెడ్డు షెడ్డంతా ఒకటే నవ్వు."

గ్లవ్స్ చంకలో పెట్టుకుని అతను వెళ్ళిపోయాడు. డోర్కాస్ రిజిస్టర్ మూయలేదు. వెనకాల ఇంకెవరో నట్టులు కావాలని అడుగుతున్నారు. ఆమెకి వినపడలేదు.

భిలాయి పెద్ద ప్లాంటుకి ఇనప సామాను చేసి ఇచ్చే చిన్న కంపెనీల్లో డోర్కాస్ పనిచేసేది ఒకటి. అక్కడ షెడ్డు పైన నడిచే క్రేన్ తోలాలంటే ముందు బకెట్టు పరీక్ష గట్టెక్కాలి. గురువారం మధ్యాహ్నం, భోజనాల వేళ, కింద పని ఆగినప్పుడు పెడతారు. నీళ్ళు నిండా ఉన్న బకెట్టు హుక్కుకి తగిలిస్తారు. నిచ్చెనెక్కి కేబిన్లో కూర్చున్న మనిషి దాన్ని షెడ్డు ఈ చివరినించి ఆ చివరికి తీసుకెళ్ళి, సుద్దతో గీసిన గుండ్రంలో దింపాలి. నీళ్ళు ఒలక్కూడదు. సర్టిఫికెట్లూ కాగితాలూ ఎన్ని ఉన్నా ఆ షెడ్డులో వాళ్ళు నమ్మేది ఆ బకెట్టునే.

ఇరవై రెండేళ్ళ క్రితం డోర్కాస్ కూడా ఆ కేబిన్లో కూర్చుంది.

అప్పటికి ఆమె భర్త విలియం కామెర్లతో పోయి ఏడాది కాలేదు. అతను పనిచేసిన కంపెనీయే ఆమెకి స్టోర్స్‌లో ఉద్యోగం ఇచ్చింది. ఒళ్ళో ఏడాదిన్నర పిల్ల. క్రేన్ ఆపరేటరుకి జీతమూ ఎక్కువే, మర్యాదా ఎక్కువే. అన్నిటికీ మించి, అంత పైన ఒక్కళ్ళే కూర్చుని అంతంత బరువులు ఎత్తడం చూస్తే ఆమెకి ముచ్చటగా ఉండేది. ఫోర్‌మన్ నరసింగరావుని అడిగింది. ఆయన సరేనన్నాడు. నెల రోజులు తెల్లారి ఆరింటికల్లా వచ్చి, షిఫ్టు మొదలయ్యేలోగా నేర్చుకుంది. మధ్యాహ్నాలు మాత్రం పిల్లకి అన్నం పెట్టడానికి ఇంటికి పరిగెత్తేది.

పరీక్ష రోజున బకెట్టు ఒలికింది. నరసింగరావు కిందనుంచి చెయ్యూపి "ఫేల్" అన్నాడు. ఆమె నిచ్చెన దిగేసరికి ఇరవైమంది మగవాళ్ళు చుట్టూ మూగారు. చప్పట్లు. "సమోసా ఖిలావో దీదీ, సమోసా ఖిలావో." సమోసాలు తినిపించాలట. ఒకటే నవ్వులు. వెనకనుంచి ఎవరో "యే ఔరతోఁ కా కామ్ నహీఁ హై" అన్నారు. ఆడవాళ్ళ పని కాదట. మొగుడు పోయిన మనిషి ఓడిపోతే వీళ్ళకి సమోసాలతో పండగ కావలసివచ్చింది అనుకుంది డోర్కాస్. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయటికి వచ్చేసింది. మర్నాడు, స్టోర్స్‌లోనే ఉండిపోతానని కాగితం రాసిచ్చింది. ఆ తరవాత ఆ షెడ్డులో కాలు పెట్టలేదు. ఎవరికి ఏ సామాను కావాలన్నా వాళ్ళే కిటికీ దగ్గరికి రావాలి.

జూడీ ఐటీఐ చేసి ఆ షెడ్డులోనే హెల్పరుగా చేరుతానన్నప్పుడు మూడు రోజులు పోట్లాట అయింది. "నేనూ చూసేనే. అది ఆడవాళ్ళకి పడదు" అని మాత్రం చెప్పగలిగింది డోర్కాస్. ఆ నవ్వుల సంగతి, సమోసాల సంగతి ఎవరికీ చెప్పలేదు. కూతురికైనా సరే.

ఇప్పుడు కూతురు కూడా ఆ నిచ్చెన దిగింది. ఆ నవ్వుల మధ్యలోకే దిగింది.

డోర్కాస్ కిటికీ మూసి ఆఫీసు మేనేజరు గదికి వెళ్ళింది.

గురునాథరావు తలెత్తి, "రండి డోర్కాస్ గారూ, విన్నాను" అన్నాడు.

"సార్, పిల్ల పేరు ఆ లిస్టులోంచి తీసేయండి."

"తను అడిగిందా?"

"తను అడగదు సార్. మొండిది. నేనే అడుగుతున్నాను. డిస్పాచ్‌లో కుర్చీ ఖాళీగా ఉందన్నారు కదా."

"ఉంది, ఎందుకు లేదు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను మొదట్నుంచీ అదే కదమ్మా చెప్తున్నాను. మన తెలుగు ఆడపిల్లకి ఒక టేబులూ ఒక కంప్యూటరూ ఇచ్చి చూడండి, బంగారంలా చేసుకుపోతుంది. ఆ నిచ్చెనలూ హుక్కులూ ఎందుకు? ఆ మాట మీకంటే ఎవరికి బాగా తెలుసు?"

"అవును సార్."

ఆ మాట అనడానికి ఆమెకి ఏ మాత్రం కష్టం అనిపించలేదు.

ఆయన ఫైలు తీసి, వచ్చే గురువారం లిస్టులో జూడీ పేరు మీద ఎర్ర గీత గీశాడు. పేరు ఆ లిస్టులో మళ్ళీ ఎందుకుందో డోర్కాస్ ఆలోచించలేదు. "రేపు పొద్దున్న పదింటికి డిస్పాచ్ ఆర్డరు మీద సంతకం పెట్టిస్తాను. ఆ జాగాలో వేరే వాళ్ళని చూసుకుంటాం. క్రేన్ సీట్లు ఉన్నవి రెండే కదా, పోతే మళ్ళీ రావు. బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నాను సార్. పిల్లకి నేనే చెప్తాను."

బయటికి వచ్చాక ఆమెకి ఊపిరి ఆడింది. పిల్లని ఇంకో అవమానం నుంచి తప్పించానన్న తృప్తితో సాయంత్రం దాకా పనిచేసింది.

ఇంటికి వచ్చి ఎండురొయ్యలు వేసి వంకాయ కూర చేసింది. జూడీకి ఇష్టం. ఏడుస్తూ వస్తుందనుకుంది. గది తలుపేసుకుంటుందనుకుంది. ఏ మాటలతో మొదలుపెట్టాలో పొయ్యి దగ్గర నిలబడి కూర్చుకుంది. పోన్లేవే, దేవుడు ఒక తలుపు మూస్తే... కాదు, అలా వద్దు. డిస్పాచ్‌లో ఏసీ ఉంటుంది. అలా మొదలుపెడదాం.

స్కూటీ ఆగిన చప్పుడు. జూడీ లోపలికి వచ్చి, నూనె ఓడుతున్న కాగితం పొట్లం తల్లి చేతిలో పెట్టింది.

"నీ వాటా మమ్మీ. రెండే మిగిలేయి. రాజాబాబు అంకుల్ ఒక్కడే నాలుగు తిన్నాడు."

డోర్కాస్ పొట్లం విప్పి చూసింది. సమోసాలు.

"ఎవరిచ్చేరు?"

"ఎవరిస్తారు, నేనే కొన్నాను. ఫేలయ్యేను కదా." జూడీ బూట్లు విప్పుకుంటోంది. "షెడ్డందరికీ తినిపించేను."

డోర్కాస్ చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. నూనె వేళ్ళ మధ్యకి దిగింది. పిల్లని కూడా అడిగారన్నమాట. చప్పట్లు కొట్టి అడిగి ఉంటారు. ఇది పాపం వెళ్ళి కొని తెచ్చి, వాళ్ళ నోట్లో పెట్టి వచ్చింది.

"నీకు సిగ్గు లేదేటే? నిన్ను చూసి నవ్వినోళ్ళకి నువ్వే తినిపిస్తావా?"

జూడీ తలెత్తింది. "అరే, ఏటైంది మమ్మీ? ఫేలైతే తినిపించాలి. అది అక్కడి రివాజు."

"ఆడపిల్ల ఫేలైతేనా?"

"ఎవరైనా. సురేశ్ భయ్యా తినిపించేడు. రాజాబాబు అంకుల్ తినిపించేడు. ఫస్ట్ టైమ్ అందరూ ఫేలే."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరూ. మొదటిసారి ఎవర్నీ పాస్ చెయ్యరు మమ్మీ. బకెట్టు ఒలకలేదనుకో, గుండ్రం గీత మీద పెట్టేవంటారు. గీత మీద పెట్టలేదనుకో, లేటయ్యిందంటారు. నేను ఒలికించుకున్నాను కాబట్టి వాళ్ళకి వెతుక్కునే పని తప్పింది. అసలు ట్రయల్ వచ్చే గురువారం. ఫేలయిన వాళ్ళ పేరు అప్పుడే వచ్చే వారం లిస్టులో రాసేస్తారు."

"నీకు ఎవరు చెప్పేరు ఇదంతా?"

"ఎవరూ చెప్పలే. ఏడు నెలల్లో నలుగురివి చూసేను. వాళ్ళ సమోసాలు తిన్నాను. రాజాబాబు అంకుల్ అయితే బకెట్టు తీసుకెళ్ళి కుర్చీ మీద పెట్టేడు, తెలుసా? కడుపు చెక్కలయ్యేలా నవ్వేం. ఇవాళ నా వంతు, బస్."

డోర్కాస్ గోడకి ఆనుకుంది. పిల్ల ముఖంలోకి చూసింది. ఎక్కడైనా దాచుకున్న ఏడుపు ఉందేమోనని వెతికింది. కొంచెం అలసట ఉంది, గడ్డం కింద గ్రీజు మరక ఉంది. అంతే.

"ఇది కొత్తగా పెట్టుకున్నదా?"

"కాదే. ఎవరో నరసింగరావు ఉస్తాద్ అట, ఆయన కాలం నుంచీ ఉందట. నువ్వు ఎరుగుదువా ఆయన్ని?"

జూడీ తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు మొదలయ్యాక డోర్కాస్ పొట్లం బల్ల మీద పెట్టి, చెయ్యి కడుక్కోకుండానే చెప్పులు వేసుకుంది. "చరోదా దాకా వెళ్ళొస్తానే" అని తలుపవతలనుంచి చెప్పింది. ఎందుకని జూడీ అడిగేలోగా మెట్లు దిగిపోయింది.

షేర్ ఆటోలో కూర్చున్నంత సేపూ ఆమెకి ఒకటే ఆశ. ఇది అబద్ధం కావాలి. తన తరవాత పెట్టుకున్న ఆచారం కావాలి. అప్పుడు వాళ్ళు నిజంగా తనని చూసే నవ్వారని తేలాలి. ఎవరైనా అలాంటిది కోరుకుంటారా అని ఆలోచించే తెలివి కూడా అప్పుడు ఆమెకి లేదు.

నరసింగరావు రిటైరయ్యాక కొడుకు దగ్గర, చరోదా రైల్వే క్వార్టర్లో ఉంటున్నాడు. వరండాలో మంచం మీద కూర్చుని, భార్య తులసమ్మతో కలిసి పచ్చి బఠానీలు ఒలుస్తున్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. మనిషి చిక్కాడు గానీ మణికట్లు అలాగే ఉన్నాయి.

"ఓలమ్మా, డోర్కాసు కదే. ఎన్నాళ్ళకి. రా, కూర్చో" అంది తులసమ్మ.

డోర్కాస్ కూర్చోలేదు.

"బాబాయ్ గారూ, ఒక్క మాట అడగడానికి వచ్చేను. క్రేన్ పరీక్షలో మొదటిసారి అందర్నీ ఫేల్ చేసేవారా?"

ఆయన చేతులు పని ఆపలేదు. "అందర్నీ. నన్ను మా ఉస్తాద్ చేసేడు. నేను నా వాళ్ళని చేసేను."

"ఎందుకలాగ?"

"మొదటిసారే పాసైనోడికి గీర వస్తాదమ్మా. గీర వచ్చినోడు మనుషుల నెత్తిమీంచి లోడు తిప్పుతాడు. నలుగురి చేతా నవ్వించుకుని, ఆ నలుగురికే తినిపించి, మళ్ళీ వారం వచ్చి నిచ్చెనెక్కినోడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని తోలుతాడు. అందుకు."

"నాక్కూడా అదేనా?"

ఇప్పుడు ఆయన చేతులు ఆగాయి.

"నీకూ అదే. వేరే ఏటనుకున్నావు?"

రైలు యార్డులో పెట్టెలు ఒకదానికొకటి గుద్దుకున్న చప్పుడు వరసగా వినిపించి ఆగింది.

"నేనే నిన్ను అడగాలనుకున్నాను ఎన్నోసార్లు" అన్నాడు నరసింగరావు. "మళ్ళీ రాలేదేటమ్మా నువ్వు? ఆ గురువారం బకెట్టు నింపి పెట్టేను నీకోసం. రెండున్నర దాకా అన్నం తినకుండా నిలబడ్డాను. స్టోర్స్‌లోనే ఉండిపోతానని నువ్వు కాగితం ఇచ్చీసేవని సాయంత్రం ఎవరో చెప్పేరు."

"ఎవరూ నాతో చెప్పలేదు, అది ఆచారమని."

"ఎవరికీ చెప్పరమ్మా. చూసినోళ్ళకి తెలుస్తాది. నువ్వు మధ్యాన్నం పూట పిల్ల దగ్గరికి ఎల్లిపోయేదానివి. నువ్వు ఒక్క ట్రయలూ చూడలేదన్న సంగతి మా బుర్రకి తట్టలేదు."

"ఎందుకు రాలేదని ఒక్క మనిషైనా అడగలేదు కదా."

"ఎలా అడుగుతాం? మొగుడు పోయిన ఆడకూతురివి. ఇంటికి వస్తే పక్కింటోళ్ళు ఏటనుకుంటారో అని భయం. కిటికీ దగ్గర అడుగుదామంటే నువ్వు తలెత్తి చూసీదానివి కాదు."

"ఆడవాళ్ళ పని కాదని అన్నారు. నా చెవులారా విన్నాను."

"అన్నాడు. కాదనను. అనిల్‌కుమార్ గాడు." ఆయన తల అడ్డంగా ఊపాడు. "వాడు నాలుగుసార్లు ఫేలయ్యేడు. వాడి సమోసాలు తిని తిని మాకే మొహం మొత్తింది. అయిదోసారి పాసయ్యేడు."

తులసమ్మకి నవ్వు వచ్చింది గానీ డోర్కాస్ ముఖం చూసి ఆపుకుంది. లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. డోర్కాస్ గ్లాసు పట్టుకుంది. తాగలేదు.

నాలుగుసార్లు. ఇరవై రెండేళ్ళుగా ఆమె చెవిలో మోగుతున్న గొంతు నాలుగుసార్లు ఫేలయిన మనిషిది. వాడు ఆ మాట అనేసి ఉంటాడు, అదే నోటితో సమోసా తిని ఉంటాడు, మర్నాటికి మరిచిపోయి ఉంటాడు. తను మాత్రం దాన్ని తీర్పులా పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

"ఇంకో మాట కూడా ఉన్నాది డోర్కాసూ" అన్నాడు నరసింగరావు. "నువ్వు తిడితే తిట్టు. నీ తరవాత కనకరత్నం వచ్చి అడిగింది, తను కూడా నేర్చుకుంటానని. కేంటీన్లో చేసీది, ఉందా ఇంకా?"

"ఉంది. గిన్నెలు కడుగుతుంది."

"వద్దన్నాను. డోర్కాసంత గట్టి మనిషే ఒక్క దెబ్బకి వదిలీసింది, నువ్వేటి ఆగుతావు అన్నాను. ఆ తరవాత ఒక ఛత్తీస్‌గఢీ పిల్ల అడిగింది. దానికీ అదే చెప్పేను." ఆయన ఒడిలోని తొక్కల వైపు చూస్తూ అన్నాడు. "నువ్వు రాక ముందు నాకలాంటి పట్టింపు లేదు. ఉంటే నీకు నేర్పుదునా? నువ్వు మళ్ళీ రాకపోయేసరికి, నిజమే కాబోలు, ఆడవాళ్ళు నిలవరు కాబోలు అనుకున్నాను. తప్పే."

డోర్కాస్ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. రోజూ పదకొండింటికి టీ గ్లాసు తెచ్చి కిటికీలో పెట్టే కనకరత్నం చెయ్యి గుర్తొచ్చింది. సబ్బునీళ్ళకి పాలిపోయిన వేళ్ళు. ఆ మనిషి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

"బాబాయ్, ఇవాళ నేను కూడా అదే చేసేను" అంది.

"ఏటి చేసేవే?" అంది తులసమ్మ.

చెప్పింది. గురునాథరావు గది, ఎర్ర గీత, డిస్పాచ్ కుర్చీ. చెబుతుంటే తన గొంతే తనకి వేరేవాళ్ళదిగా వినిపించింది.

నరసింగరావు తిట్టలేదు, ఓదార్చలేదు. "సంతకమైందా?" అని అడిగాడు.

"రేపు పదింటికి."

"అయితే తొమ్మిదిన్నరకల్లా ఎల్లు. పేరు ఇంకోడికి ఇచ్చేస్తే ఆ సీటు పోయినట్టే. ముందు పిల్లకి చెప్పు."

ఇంటికి తిరిగి వచ్చేసరికి జూడీ కూరంతా తినేసి, ఫోనులో క్రేన్ వీడియో చూస్తోంది. డోర్కాస్ రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ పెరుగు కావాలా అని అడిగింది.

మర్నాడు పొద్దున్న స్కూటీ వెనక కూర్చుని చెప్పింది. ముఖం చూస్తూ చెప్పలేననుకుంది. వీపుకి చెప్పడం తేలిక.

"నిన్న నీ పేరు తీయించేసేనే."

"ఏ పేరు?"

"క్రేన్ లిస్టులోంచి. గురునాథరావు గార్ని అడిగి. డిస్పాచ్‌లో వెయ్యమన్నాను."

స్కూటీ మెల్లగా పక్కకి వెళ్ళి, ఒక పంక్చర్ల దుకాణం ముందు ఆగింది. జూడీ హెల్మెట్ అద్దం పైకెత్తింది. వెనక్కి తిరగలేదు.

"ఎప్పుడు?"

"మధ్యాన్నం. నువ్వు ఫేలయ్యేవని తెలియగానే."

"నన్ను అడగకుండా?"

"నువ్వు ఏడుస్తావనుకున్నాను."

"నేను ఏడ్చేనా?"

"లేదు."

"షెడ్డులో అందరూ నవ్వేరు మమ్మీ. నవ్వి, వచ్చే వారం ఇలా చెయ్యి, అలా చెయ్యి అని చెప్పేరు. ఒక్కడు కూడా నన్ను తీసెయ్యమని అనలేదు." ఆ పిల్ల గొంతు పెరగలేదు. దానికే డోర్కాస్‌కి భయం వేసింది. "నా పేరు కొట్టేయమన్నది నువ్వా? నువ్వు?"

డోర్కాస్ సంచీ పట్టీ వేలికి చుట్టుకుంది.

"దిగు."

"జూడీ..."

"దిగు మమ్మీ. ఇప్పుడు నువ్వు నా వెనక కూర్చుంటే నేను బండి నడపలేను."

డోర్కాస్ దిగింది. స్కూటీ వెళ్ళిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఆమెని ఎక్కడా వదిలి వెళ్ళలేదు. పంక్చర్లవాడు ట్యూబు నీళ్ళలో ముంచి, తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు. డోర్కాస్ సంచీ గుండెలకి పట్టుకుని రోడ్డు దాటి, ఆటో కోసం చెయ్యెత్తింది.

ఆమె చేరేసరికి గురునాథరావు గది తలుపు తెరిచే ఉంది. జూడీ బల్ల ముందు నిలబడి ఉంది.

"...చూడమ్మా, నేనేదో నా అంతట నేను చేసినట్టు మాట్లాడకు" అంటున్నాడు గురునాథరావు. "మీ అమ్మగారే వచ్చి అడిగేరు. ఆవిడ అనుభవం మీద చెప్పిన మాట అది. ఆవిడా ఇదే క్రేన్ మీద ఫేలయ్యేరు. అందుకే కదా నీకు..."

"ఫేల్ అందరూ అయ్యేరు సార్" అంది డోర్కాస్ గుమ్మంలోంచి. "మళ్ళీ వెళ్ళనిది నేనొక్కదాన్నే."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. జూడీ కళ్ళు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. ఆ కథ ఆమెకి తెలియదు. తల్లి ఎప్పుడూ చెప్పలేదు.

డోర్కాస్ లోపలికి వచ్చింది. "బకెట్టు ఒలికినందుకు ఎవరో ఏదో అన్నారని నేనే వచ్చేసేను సార్. నిన్న మీ దగ్గరికి వచ్చింది కూడా ఆ భయంతోనే. పిల్లకి దాంతో సంబంధం లేదు. దాని పేరు మళ్ళీ రాయండి."

గురునాథరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. "నిన్న ఒక మాట, ఇవాళ ఒక మాట. ఇందుకేనమ్మా, ఆడవాళ్ళని అటువైపు పంపాలంటే నేను..." జూడీ ఆయన్ని సూటిగా చూస్తోంది. ఆయన వాక్యం పూర్తి చేయలేదు. "ఎర్ర గీత గీశాక ఊరికే ఎలా రాస్తాను? మీరు రాసివ్వండి. ఎందుకు తీయించారో, ఎందుకు పెట్టమంటున్నారో. మీ ఫైల్లో ఉండిపోతుంది మరి. ఇష్టమేనా?"

"ఇవ్వండి కాగితం."

హిందీలో రాసింది. నా కూతురికి తెలియకుండా నేను ఆమె పేరు తీయించాను. ఆమె మొదటి ట్రయల్లో ఫేలయింది, ఆ షెడ్డులో మొదటిసారి అందరూ ఫేలవుతారు. నాకు ఆ సంగతి నిన్నటిదాకా తెలియదు. తప్పు నాది. కింద సంతకం పెట్టి తేదీ వేసింది. ఇరవై రెండేళ్ళ క్రితం రాసిన కాగితం కూడా అదే ఫైల్లో, దీని కిందే ఎక్కడో ఉంటుంది. అందులో ఏం రాసిందో గుర్తులేదు. ఇంటి ఇబ్బందుల వల్ల అని రాసి ఉంటుంది.

గురునాథరావు రెండుసార్లు చదివాడు. డిస్పాచ్ ఆర్డరు పక్కకి తీసి, లిస్టులో అన్నిటికంటే కింద జూడీ పేరు రాశాడు.

"ఆఖర్న వస్తుంది నీ వంతు. భోజనాల టైమ్ అయిపోతే మా బాధ్యత కాదు."

"పరవాలేదు సార్. తొందరగానే చేస్తాను" అంది జూడీ.

ఇద్దరూ బయటికి వచ్చారు. స్టోర్స్‌కీ షెడ్డుకీ దారి కొంత దూరం ఒకటే. జూడీ రెండడుగులు ముందు నడుస్తోంది. డోర్కాస్ ఆ నడకని అందుకోవడానికి ప్రయత్నించలేదు. క్షమించమని అడగాలనుకుంది గానీ, ఆ మాట అడిగితే మళ్ళీ తన గొడవే అవుతుందనిపించి ఊరుకుంది.

దారి చీలే చోట జూడీ ఆగింది.

"నేనింకా నీతో మాట్లాడట్లేదు. ఇది పని గురించి అడుగుతున్నాను."

"అడుగు."

"నీది ఎందుకు ఒలికింది?"

"ఏటి?"

"బకెట్టు. నువ్వు ఎక్కిన రోజు. ముందుకి ఊగిందా, పక్కకి ఊగిందా? క్రేన్ ఆపినప్పుడా, కిందికి దింపేటప్పుడా?"

డోర్కాస్ చెప్పబోయింది. ఆ రోజు ఎవరు ఎటువైపు నిలబడ్డారో చెప్పగలదు. ముందు చప్పట్లు కొట్టినవాడి చొక్కా రంగు చెప్పగలదు. ఏ నవ్వు తరవాత ఏ నవ్వు వచ్చిందో వరసగా చెప్పగలదు. రోజూ చూసుకున్న దృశ్యమే కదా. కానీ నీళ్ళు... నీళ్ళు ఎటు ఒలికాయి? హుక్కు ఎటు కదిలింది? తన చెయ్యి అప్పుడు ఏ హ్యాండిల్ మీద ఉంది?

ఎంత వెతికినా అక్కడ ఏమీ లేదు. అసలు తను అటువైపు చూడనే లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా, ఎందుకు ఒలికింది అని తనని తాను అడగలేదు.

"తెలీదు" అంది.

జూడీ నమ్మలేనట్టు చూసింది. "తెలీదా?"

"నిజంగా తెలీదే."

షెడ్డులో సైరన్ మోగింది. జూడీ కదల్లేదు.

"మరి నీది ఎందుకు ఒలికింది?" అంది డోర్కాస్.

జూడీ జేబులోంచి బండి తాళాలు తీసింది. వాటికి ఉన్న తాడు కొస పట్టుకుని వేలాడదీసింది. నాలుగు అడుగులు వేసి ఠక్కున ఆగింది. తాళాలు ముందుకి ఊగాయి.

"చూసేవా? నేను ఆగేను, ఇది ఆగలేదు. ఇది ముందుకి పోతుంటే నేను కూడా కొంచెం దాని వెనకాలే పోవాలి. సరిగ్గా దాని నెత్తి మీదకి చేరేను అనుకో, దానికి ఊగడానికి ఏం ఉండదు, నిలబడిపోతాది. నిన్న నేను కంగారుపడి వెనక్కి లాగేను. అందుకే ఎక్కువ ఊగింది."

డోర్కాస్ ఆ తాళాల వంకే చూస్తోంది. అవి ఇంకా అటూ ఇటూ ఊగుతున్నాయి.

"మళ్ళీ చేసి చూపించు" అంది.